వంటింటి బల్ల మీద రక్తపరీక్షల చదువు

రక్తపరీక్షకి లాబ్‌కి వెళ్తాం. సూది గుచ్చి చిన్న గొట్టంలో రక్తం తీసుకుంటారు. సాయంత్రానికి కాగితం చేతికొస్తుంది. ఆ కాగితం పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తుతాం. ఈ మధ్యలో ఆ గొట్టం ఎవరి చేతుల్లోకి వెళ్ళింది, దాన్ని ఎవరు మిషన్‌లో పెట్టారు, అనుమానం వస్తే మైక్రోస్కోప్ కింద ఎవరు చూశారు అని మనం ఎప్పుడైనా ఆలోచించామా? ఆలోచించం. ఆ తెర వెనక పని చేసేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరి ఆస్పత్రి లాబ్‌లో పని చేస్తున్నాను. ఈ పనికి కావలసిన డిగ్రీని దూరవిద్యలో, మా వంటింటి బల్ల మీద పుస్తకాలు పరుచుకుని చదివాను.

సెలవులకి ఇంటికొచ్చినప్పుడల్లా బంధువుల్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "నువ్వు ఇంట్లో కూర్చునే చదివావుగా! మా అమ్మాయిని కూడా అలా చదివించొచ్చా?" అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా అందరికీ కలిపి చెబితే బాగుంటుందనిపించింది. ఇంట్లో కూర్చుని ఎంత చదవొచ్చో, ఏది మాత్రం ఇంట్లో కూర్చుంటే రాదో తెలిస్తే మీ డబ్బూ, మీ పిల్లల కాలమూ మిగులుతాయి.

ఎలా మొదలైందంటే

నేను తెనాలిలో బీఎస్సీ చదివాను. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. 2003లో పాసయ్యాను, ఆ మరుసటి ఏడే పెళ్ళి. ఇద్దరు పిల్లలు. 2012లో మావారి ఉద్యోగం మీద ఇక్కడికొచ్చాం. భర్త వీసా మీద వచ్చిన భార్యకి అప్పట్లో ఉద్యోగం చేసే అనుమతి లేదు, చదువుకోవడానికి మాత్రం అడ్డు లేదు. 2015లో రూలు మారింది. భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితే భార్య కూడా పనికి అనుమతి అడగవచ్చన్నారు. మా చిన్నవాడు అప్పుడే బడికి వెళ్ళడం మొదలుపెట్టాడు. పగలు ఇల్లు ఖాళీ. "ఏదైనా చదువుకోరాదూ!" అన్నారు మావారు.

ఏం చదవాలి? కంప్యూటర్లు నాకు పడవు. కాలేజీలో మైక్రోస్కోప్ ముందు కూర్చుంటే మాత్రం నాకు టైము తెలిసేది కాదు. అలా వెతుకుతుంటే ఈ చదువు కనబడింది. దీనికి పాతపేరు క్లినికల్ లాబొరేటరీ సైన్స్. 2009లో అమెరికాలో సర్టిఫికెట్లిచ్చే రెండు సంస్థలు ఒకటయ్యాక మెడికల్ లాబొరేటరీ సైన్స్ అనే పేరు స్థిరపడింది. కాలిఫోర్నియాలో మాత్రం లైసెన్సు మీద ఇప్పటికీ పాతపేరే ఉంటుంది. పేరేదైనా పని ఒకటే: రక్తం, మూత్రం, కఫం లాంటివి పరీక్షించి, నమ్మదగిన జవాబు డాక్టరు చేతికివ్వడం.

మన మూడేళ్ళ బీఎస్సీని ఇక్కడ చాలాచోట్ల నాలుగేళ్ళ డిగ్రీకి సమానంగా లెక్కకట్టరు. అందుకని రెండు మెట్లుగా ఎక్కాను. మొదటి మెట్టు, మా ఊరికి దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళ టెక్నీషియన్ కోర్సు. ఇది దూరవిద్య కాదు. క్లాసుకి వెళ్ళాలి, లాబ్‌లో నిలబడాలి, చివర్న ఆస్పత్రిలో తిరిగి పని నేర్చుకోవాలి. 2018లో అది అయ్యాక పరీక్ష రాసి, ఆస్పత్రిలో రాత్రి డ్యూటీకి చేరాను. రెండో మెట్టు డిగ్రీ. ఇదీ నేను ఇంట్లో చదివింది. అప్పటికే టెక్నీషియన్లుగా ఉన్నవాళ్ళు డిగ్రీ పూర్తి చేసుకోవడానికి ఇక్కడ కొన్ని విశ్వవిద్యాలయాలు ఇలాంటి చదువు పెట్టాయి. యూటాలోని వెబర్ స్టేట్, ఒహాయోలోని సిన్సినాటీ విశ్వవిద్యాలయం అలాంటివే.

కుక్కరూ, పెరుగూ, చైనాగ్రాసూ

ఈ చదువులో మన వంటింటికి కొత్తది పెద్దగా లేదంటే మీరు నమ్ముతారా?

లాబ్‌లో సామాన్లు క్రిములు లేకుండా శుద్ధి చేసే ఆటోక్లేవ్ ఉంటుంది. మూత బిగించి, ఆవిరి పట్టి, 121 డిగ్రీల వేడిలో కనీసం పావుగంట ఉంచుతారు. మన ప్రెషర్ కుక్కర్‌లో పప్పు ఉడికేది కూడా ఇంచుమించు ఆ వేడిలోనే! పేరు వేరు గానీ సూత్రం ఒకటే.

టెక్నీషియన్ కోర్సులో గ్రామ్ స్టెయిన్ నేర్పినప్పుడు నేను ఇంట్లో తోడేసిన పెరుగు ఓ చెంచాడు పట్టుకెళ్ళాను. గాజుపలక మీద పల్చగా రాసి, ఆరబెట్టి, ముందు ఊదారంగు, తరువాత అయోడిన్, ఆపైన స్పిరిట్‌తో కడిగి, చివర్న ఎర్రరంగు వేస్తారు. కడిగినా ఊదారంగు వదలని బాక్టీరియా ఒక జాతి, వదిలేసి ఎర్రగా మారేవి ఇంకో జాతి. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డెన్మార్క్ డాక్టరు కనిపెట్టిన పద్ధతి ఇది. ఇవాళ్టికీ ప్రతి ఆస్పత్రి లాబ్‌లో వాడతారు. మా పెరుగులో చిన్నచిన్న పుల్లల్లా కొన్ని, పూసల దండల్లా కొన్ని, అన్నీ ఊదారంగులో కనిపించాయి. రోజూ అన్నంలో కలుపుకునేది ఇన్నాళ్ళకి కళ్ళారా చూశాను.

ఇక బాక్టీరియాని పెంచడానికి పళ్ళెంలో జెల్లీలాంటిది పోస్తారు. దాన్ని అగార్ అంటారు. మనం పుడ్డింగులకీ, జెల్లీలకీ వాడే చైనాగ్రాస్ అదే. ఇది లాబ్‌కి ఎలా వచ్చిందో తెలుసా? జర్మనీలో రాబర్ట్ కాక్ అనే గొప్ప శాస్త్రవేత్త దగ్గర వాల్టర్ హెస్ అనే డాక్టరు పని చేసేవారు. అప్పట్లో బాక్టీరియాని జెలటిన్ మీద పెంచేవారు. కాస్త ఎండ ముదిరితే అది నీళ్ళయిపోయేది. ఆయన భార్య ఫానీ హెస్ 1881లో అగార్ వాడి చూడమని చెప్పింది. అమెరికాలో పెరిగిన ఆవిడకి జావా నుంచి వచ్చిన పొరుగువాళ్ళు ఈ కిటుకు నేర్పారట. తన జెల్లీలు ఎండాకాలంలో కూడా గట్టిగానే ఉండటం ఆవిడ చూసింది మరి! ఆ మరుసటి ఏడు కాక్ క్షయ క్రిమి గురించి ప్రకటించిన వ్యాసంలో అగార్ మాట ఉంది, ఆవిడ పేరు మాత్రం లేదు. ఈ పాఠం చదివిన రోజు అర్ధరాత్రి దాటినా మావారిని నిద్రలేపి మరీ చెప్పాను.

ఇంట్లో చదవడం అంటే

పాఠాలు వీడియోల్లో వస్తాయి. చూసి, పుస్తకం చదివి, వారంవారం చిన్న పరీక్ష రాయాలి. పెద్ద పరీక్షలకి కంప్యూటర్ కెమెరా మన వైపే చూస్తూ ఉంటుంది. బల్ల మీద ఒక్క కాగితం ముక్క కూడా ఉండకూడదు. ఓసారి నా పరీక్ష సగంలో ఉండగా మా చిన్నవాడు "అమ్మా, మజ్జిగ!" అంటూ గదిలోకి వచ్చేశాడు. పరీక్ష చూసే ఆవిడకి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

అన్నిటికన్నా కష్టమైంది బ్లడ్‌బాంక్ సబ్జెక్టు. ఏ, బీ, ఓ గ్రూపులు మనకందరికీ తెలుసు. 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ బయటపెట్టిన సంగతి అది. కానీ ఎర్రకణం మీద అవి కాక ఇంకా ఎన్నో రకాల గుర్తులుంటాయి. ఎన్నోసార్లు రక్తం ఎక్కించుకున్నవాళ్ళలో, కాన్పులైన ఆడవాళ్ళలో వాటికి వ్యతిరేకంగా పదార్థాలు తయారవుతాయి. అది ఏదో కనిపెట్టాలంటే గళ్ళకాగితం ఒకటి ముందు పెట్టుకుని, ప్లస్సులూ సున్నాలూ చూసుకుంటూ, కానిదాన్ని కొట్టేస్తూ పోవాలి. మీరు గళ్ళనుడికట్టు పూరిస్తారు చూడండి, అచ్చం అలాగే. కాకపోతే ఇక్కడ తప్పు పూరిస్తే ప్రాణం మీదికొస్తుంది.

ఇక ప్రాక్టికల్స్ మాటేమిటంటారా? అసలు కిటుకంతా అక్కడే ఉంది. చేతిపని వీడియోలో రాదు. నేను పనిచేసే ఆస్పత్రినే మా విశ్వవిద్యాలయం ప్రాక్టికల్స్‌కి ఒప్పుకుంది. ఒక్కో పరీక్షా మా సూపర్‌వైజర్ కళ్ళముందు చేసి, జాబితాలో ఆవిడ చేత సంతకం పెట్టించుకుని పంపాలి. ఒక రక్తపు చుక్కని గాజుపలక మీద ఇంకో పలకతో పల్చగా లాగడం ఉంటుంది. చూడటానికి చాలా తేలిక. వంచిన కోణం కాస్త ఎక్కువైతే మందం, తక్కువైతే మరీ పల్చన. అట్టు పల్చగా రావాలంటే గరిటె తిప్పడం ఎవరికి వారు నేర్చుకోవలసిందే కదా, ఇదీ అంతే.

రాత్రి డ్యూటీ చేసి పొద్దున్న ఏడున్నరకి ఇంటికి వచ్చేదాన్ని. పిల్లలకి డబ్బాలు కట్టి బడికి పంపి, మధ్యాహ్నం దాకా నిద్ర. లేచి వంట. పొయ్యి మీద చారు మరుగుతుంటే పక్కనే పాఠం నడిచేది. ఒక టర్ములో రెండు సబ్జెక్టులకి మించి తీసుకోలేదు. ఫీజు కూడా చేతిలో ఉన్నంతకే కట్టాను, అప్పు చేయలేదు. 2020లో కరోనా వచ్చింది. లాబ్‌లో పని తలకి మించింది, పిల్లల బడి ఇంటికే వచ్చింది. ఒక టర్ము ఆపేశాను. ఆ ఆరు నెలల్లో మావారు సాంబారు పెట్టడం నేర్చుకున్నారు. ఇవాళ్టికీ ఆదివారం సాంబారు ఆయనదే!

2022లో డిగ్రీ చేతికొచ్చింది. ఆపైన సర్టిఫికెట్ పరీక్ష. 100 ప్రశ్నలు, రెండున్నర గంటలు. మనం సరిగ్గా చెబుతున్న కొద్దీ కంప్యూటర్ ఇంకా కష్టమైన ప్రశ్న ఇస్తుంది. 999లో 400 వస్తే పాసు. పాసయ్యాను.

అత్తయ్య మాట

మా అత్తయ్య మాతోనే ఉంటారు. ఆవిడది మడీ ఆచారం ఉన్న ఇల్లు. "నలభయ్యో పడి దగ్గరకొస్తుంటే చదువేమిటమ్మా! చదివితే చదివావు, మలమూత్రాలు పరీక్ష చేసే చదువే దొరికిందా నీకు?" అన్నారు మొదట్లో. డ్యూటీ నుంచి వచ్చాక స్నానం చేసేదాకా నన్ను వంటింట్లోకి రానిచ్చేవారు కాదు. ఆ మాట నాకు నచ్చేది కూడా. లాబ్ బట్టలతో పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదని మాకూ నేర్పారు. కానీ ఊళ్ళో వాళ్ళు ఫోన్ చేసి అడిగితే ఆవిడ "మా కోడలు కంప్యూటర్ కోర్సు చేస్తోంది" అని చెప్పేవారు. పక్కగదిలోంచి వింటుంటే మనసు చివుక్కుమనేది. ఎదురు చెప్పలేదు. చెప్పినా ఏం లాభం?

ఓ రాత్రి లాబ్‌కి ఒక పెద్దావిడ రక్తం వచ్చింది. తెల్లారితే ఆపరేషన్. మిషన్ ప్లేట్‌లెట్లు 22 వేలని చూపించింది. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి. డెంగీ జ్వరాలు చూసిన మనకి ఈ అంకెల భయం తెలిసిందే. ఆ అంకె అలాగే పైకి పంపితే ఆపరేషన్ ఆగిపోతుంది, లేదా ఆవిడకి అక్కరలేని ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారు. ఆవిడకి మచ్చలు గానీ, రక్తస్రావం గానీ లేవని నర్సు చెప్పింది. పలక మీద రక్తం లాగి మైక్రోస్కోప్ కింద చూశాను. పలక అంచుల్లో ప్లేట్‌లెట్లు ద్రాక్షగుత్తుల్లా గుమికూడి ఉన్నాయి. రక్తం గడ్డకట్టకుండా ఊదారంగు మూత గొట్టంలో ఈడీటీఏ అనే మందు ఉంటుంది. కొందరి రక్తంలో ఆ మందు తగిలితే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. మిషన్ గుత్తిని గుత్తిగా చూస్తుందే గానీ విడివిడిగా లెక్కపెట్టలేదు. వేరే మందుండే నీలం మూత గొట్టంలో మళ్ళీ రక్తం తీయించాను. ఆ గొట్టంలో ద్రవం ఎక్కువుంటుంది కాబట్టి వచ్చిన అంకెని 1.1తో హెచ్చవేయాలి. వేస్తే లక్షా తొంభై వేలు! ఆపరేషన్ అనుకున్న వేళకే జరిగింది.

ఇందులో నా గొప్పతనమేమీ లేదు, పాఠంలో ఉన్నదే చేశాను. పొద్దున్న కాఫీ తాగుతూ అత్తయ్యకి చెప్పాను. ఆవిడ గ్లాసు పట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నీ పేరు ఆవిడకి తెలుసా?" అన్నారు. తెలియదండీ అన్నాను. ఆ వారంలోనే ఒంగోలు నుంచి వాళ్ళ చెల్లెలు ఫోన్ చేశారు. "మా కోడలు ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేస్తుందే. రాత్రుళ్ళు కూడా వెళుతుంది" అని అత్తయ్య చెబుతుంటే నా చెవులారా విన్నాను. డిగ్రీ కాగితం వచ్చినరోజు కూడా నాకంత సంతోషం కలగలేదు.

మన ఊళ్ళో సంగతి వేరు

ఇదంతా చదివి మీ అమ్మాయికి ఫోన్‌లో వచ్చిన "దూరవిద్య ద్వారా డీఎంఎల్‌టీ" ప్రకటన చూపించకండి! మన దేశంలో ఈ చదువు దూరవిద్యలో చెల్లదు. పారామెడికల్ కోర్సులు దూరవిద్యలో నడపకూడదని యూజీసీ ముందునుంచీ చెబుతూనే ఉంది. 2021లో వచ్చిన చట్టంతో లాబ్ వృత్తి కూడా జాతీయ కమిషన్ కిందికి వచ్చింది. 2025 జూలై, ఆగస్టు ప్రవేశాల నుంచి ఆ చట్టం కిందికొచ్చే ఆరోగ్య కోర్సులేవీ దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ చేర్చుకోవద్దని యూజీసీ స్పష్టంగా చెప్పింది. మైక్రోబయాలజీ కూడా ఆ జాబితాలో ఉంది.

మా పిన్ని కూతురి గోడు చెబుతాను. సంస్థ పేరెందుకు లెండి. రెండేళ్ళు ఇంట్లో పుస్తకాలు చదివింది. ఏడాదికోసారి వెళ్ళి పరీక్ష రాసింది. ఒక్కరోజు కూడా లాబ్ గుమ్మం తొక్కలేదు. రంగురంగుల సర్టిఫికెట్ ఇచ్చారు. ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు పెడితే పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ ఏదీ అని అడిగారు. బోర్డుకి వెళితే ఆ సర్టిఫికెట్‌ని గుర్తించమన్నారు. పిన్ని తన గాజులు తాకట్టు పెట్టి కట్టిన ఫీజు అది. పిల్ల నెలరోజులు గదిలోంచి బయటికి రాలేదు. ఆపైన ధైర్యం చేసి బోర్డు గుర్తింపున్న కాలేజీలో మళ్ళీ మొదటి ఏడాదిలో చేరింది. ఇప్పుడు గుంటూరులో ఉద్యోగం చేస్తోంది. గాజులు కూడా విడిపించింది.

కాబట్టి మీ ఇంట్లో పిల్లలు ఈ చదువంటే ఇవి కనుక్కోండి:

• ఇంటర్ తరువాత రెండేళ్ళ డీఎంఎల్‌టీ అయితే, ఆ కాలేజీకి మన రాష్ట్ర పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందా? బోర్డునే అడగండి, ఏజెంటు మాట నమ్మకండి.

• డిగ్రీ అయితే, అది ఏ విశ్వవిద్యాలయానిది? ఆంధ్రలో విజయవాడలోని ఎన్టీఆర్, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాలున్నాయి.

• ప్రాక్టికల్స్ ఏ ఆస్పత్రిలో? వెళ్ళి చూడండి. "అవసరం లేదండీ, సర్టిఫికెట్ మేమిస్తాం" అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

• అమెరికాలో ఉన్న అమ్మాయిలైతే, ఆ కోర్సుకి నాక్లస్ అనే సంస్థ గుర్తింపు ఉందా, ప్రాక్టికల్స్‌కి ఆస్పత్రి వాళ్ళు చూపిస్తారా లేక మనమే వెతుక్కోవాలా అని ముందే అడగాలి. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఫ్లోరిడా లాంటి రాష్ట్రాల్లో విడిగా లైసెన్సు కూడా కావాలి. మన డిగ్రీని అక్కడి లెక్కలో తూచి చెప్పే సంస్థలున్నాయి. ముందు ఆ కాగితం తెప్పించుకున్నాకే ఫీజు కట్టాలి.

దూరవిద్య అంటే చిన్నచూపు అక్కరలేదు. 1982లో హైదరాబాదులో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. ఇవాళ దాన్ని అంబేద్కర్ విశ్వవిద్యాలయం అంటున్నాం. మా పిన్ని ఇద్దరు పిల్లల తల్లయ్యాక అక్కడే బీఏ చదివింది. చరిత్రా, తెలుగూ, అర్థశాస్త్రమూ ఇంట్లో కూర్చుని హాయిగా చదవొచ్చు. రక్తం ముట్టుకునే చదువుకి మాత్రం చేతికి పని నేర్పే లాబ్ ఒకటి ఉండాలి. నాకు అది దొరికింది కాబట్టే మిగతాదంతా వంటింట్లో చదవగలిగాను.

మీ అమ్మాయి ఈ చదువు చదువుతానంటే, ఫీజు కట్టేముందు తెలిసినవాళ్ళ లాబ్‌కి ఓ పూట తీసికెళ్ళండి. రక్తం చూసి కళ్ళు తిరుగుతాయో, మైక్రోస్కోప్ దగ్గర్నుంచి లేవనంటుందో మీకే తెలిసిపోతుంది. లేవనంటే మాత్రం చదివించండి. పెళ్ళై పిల్లలున్నా సరే, ముప్పయ్యారేళ్ళొచ్చినా సరే!